ఊచ మీది కార్డులు

మిషిగన్ రాష్ట్రం ట్రాయ్‌లో మా అమ్మాయి వాళ్లింట్లో ఫ్రిజ్ మీద ఒక చెక్క సొరుగుంది. ఓక్ చెక్క. మూరెడు పొడవు. ముందువైపు ఇత్తడి పిడి, పిడి పైన పేరు చీటీ దూర్చుకునే చిన్న చట్రం, పిడి కింద గుండ్రటి మర. మర వదులు చేసి లాగితే సొరుగంత పొడుగు ఇత్తడి ఊచ బయటికొస్తుంది. మా అల్లుడు మొదట్లో దాన్లో కారు తాళాలు పడేద్దామనుకున్నాడు. నా మొహం చూసి ఊరుకున్నాడు.

ఆ ఊచ దేనికో ఇప్పటి పిల్లలకు చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి. గ్రంథాలయంలో ప్రతి పుస్తకానికీ రచయిత పేరుతో ఒకటి, పుస్తకం పేరుతో ఒకటి, విషయం పేరుతో ఇంకొకటి అట్ట కార్డులు ఉండేవి. ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు, పన్నెండున్నర వెడల్పు. ప్రపంచమంతటా అదే కొలత. కింది అంచున మధ్యలో ఒక చిల్లు. కార్డులన్నీ అకారాది వరసలో సొరుగులో నిలబెట్టి, చిల్లుల్లోంచి ఊచ దూర్చి మర బిగించేవాళ్లం. చదువుకోవడానికొచ్చినవాడు వేళ్లతో తిరగేసుకోవచ్చు, పీక్కుపోలేడు.

కొత్త కార్డు చేర్చేటప్పుడు ఊచ తీయకుండానే, అది ఎక్కడుండాలో అక్కడ రెండు పాత కార్డుల మధ్య దింపుతాం. ఊచ అడ్డం గనక అది పూర్తిగా దిగదు. మిగతావాటికంటే అరంగుళం పైకి లేచి నిలబడుతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లు అలా ఊచ మీదే వదిలెయ్యాలి. సాయంత్రం పెద్దవాళ్లొచ్చి, లేచి ఉన్న కార్డులను ఒక్కొక్కటే చూసి, సరిగ్గా ఉంటే ఊచ లాగుతారు. కార్డులన్నీ టపటపమని తమ చోట్లలోకి పడతాయి. నేను బెజవాడలో సర్టిఫికెట్ కోర్సు చేసి గుంటూరు జిల్లాలో ఒక పట్టణ గ్రంథాలయంలో చేరిన 1974లో మా దగ్గరా అదే పద్ధతి. ట్రాయ్ వచ్చాక తెలిసింది, అమెరికాలోనూ అదేనట. దానికొక పేరు కూడా ఉంది వాళ్ల భాషలో. మాకు పేరేమీ లేదు. ‘మాస్టారు చూడాలి’ అనుకునేవాళ్లం, అంతే.

మాస్టారు అంటే మా గ్రంథపాలకుడు. బడిలో పాఠం చెప్పినవాడు కాదు. పొట్టి చేతుల చొక్కా, జేబులో రెండు కలాలు, ముక్కుపొడుం వాసన. పాతూరి నాగభూషణం గారి దగ్గర పని నేర్చిన తరం మనిషి. పాతూరి వారు 1935లో పెదపాలెం ప్రాంతంలో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరా తిప్పినవారు. బెజవాడలో గ్రంథపాలకులకు తరగతులు నడిపినవారు. ఆ పడవ సంగతి మాస్టారు చెబుతుంటే, తాను కూడా అందులో కూర్చున్నట్టే ఉండేది. లెక్కవేస్తే అప్పటికి ఆయనకు అయిదారేళ్లుంటాయేమో. నేను అడగలేదు.

మొదటి నెల నాకు కార్డు ముట్టే యోగ్యత లేదు. జిగురు కాయడం నా పని. మైదాపిండి నీళ్లలో కలిపి, సన్నని సెగ మీద ఉండ కట్టకుండా తిప్పుతూ, దించబోయే ముందు చిటికెడు మైలుతుత్తం పొడి వెయ్యాలి. లేకపోతే ఆ జిగురు రుచికి బొద్దింకలొచ్చి పుస్తకాల వీపులు తినేస్తాయి. ఆ జిగురుతో పుస్తకం చివర తేదీల కాగితం, లోపలి అట్టకు కార్డు సంచీ అంటించాలి. తర్వాత ముద్రలు. పేరు పుటలో ఒకటి, ఆఖరి పుటలో ఒకటి, మధ్యలో రహస్య పుటలో ఒకటి. మా గ్రంథాలయానికి రహస్య పుట 27. ఎవరైనా ముందూ వెనకా కాగితాలు చించి సొంతం చేసుకున్నా, 27 తిప్పితే దొంగ బయటపడేవాడు. ఆ అంకె బయటివాళ్లకు చెప్పకూడదని ప్రమాణం చేయించుకున్నంత పని చేశారు మాస్టారు. ఇప్పుడిక చెప్పొచ్చు.

రెండో నెలలో దస్తూరీ. కార్డు మీద రాత గుండ్రంగా, నిటారుగా, ఎవరు రాశారో తెలియనట్టుండాలి. “నీ రాత అందంగా ఉందమ్మాయ్, అదే తప్పు,” అన్నారు. నాకప్పుడు కోపం వచ్చింది. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా గ్రంథాలయ బడుల్లో సరిగ్గా ఇదే నేర్పేవాళ్లనీ, ‘లైబ్రరీ హ్యాండ్’ అని దానికి నమూనా అక్షరాలు కూడా అచ్చువేశారనీ చాలా ఏళ్లకు చదివాను. వాలు ఉండకూడదు, వంకర తోకలు ఉండకూడదు. అక్షరమాల ఒక్కటి మారిస్తే, మాస్టారు చెప్పిందీ అదే.

మూడో నెలలో ఊచ. మొదటి రోజు ముప్ఫై కార్డులు దింపాను. సాయంత్రం మాస్టారు సొరుగు లాగి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, వేలితో ఒక్కొక్క కార్డునీ తడుముతూ పోయారు. తప్పున్నచోట ఏమీ అనరు. ఆ కార్డును పైకి తీసి అడ్డంగా తిప్పి అక్కడే పెడతారు. తెల్లారి నేనొచ్చి సొరుగు తెరిస్తే, గంపలోంచి తొంగిచూసే కోడిపిల్లల్లా ఏడు కార్డులు అడ్డంగా నిలబడి ఉన్నాయి. ఏం తప్పో నేనే కనుక్కోవాలి. ‘ళ’ ఎక్కడ వస్తుంది, ‘క్ష’ను ‘క’లో కలపాలా చివర పెట్టాలా, ఇలాంటివి ఆరు. ఏడోది ఎంతకీ అంతుపట్టలేదు. భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని చక్కగా రాసి, ‘భ’లో సరైన చోటే పెట్టాను. చివరికి ఓడిపోయి వెళ్లి అడిగాను.

“ఆయనెవరు?” అన్నారు మాస్టారు.

“ఆరుద్ర గారండీ.”

“రిక్షా దిగి లోపలికొచ్చిన మనిషి ఏమని అడుగుతాడు? భాగవతుల వారి పుస్తకం ఇమ్మంటాడా?”

ఆ రోజు నుంచి కార్డు రాసే ముందు రిక్షా దిగే మనిషిని ఊహించుకోవడం అలవాటైంది. చలం కోసం వచ్చినవాడు గుడిపాటి అనడు. అసలు పేరుతో ఒక కార్డు రాసి, ‘చలం చూడుము’ అని దారి చూపించి వదిలెయ్యాలి. ‘చూడుము’ అన్న ఆ గ్రాంథికపు ముక్క కార్డుల్లోనే బతికింది, కార్డులతోనే పోయింది.

ఏడాదిన్నర తర్వాత ఒక సాయంత్రం నేను సొరుగు తీసుకెళ్లి బల్ల మీద పెడితే, మాస్టారు పేపర్లోంచి తలెత్తకుండా “నువ్వే లాగు” అన్నారు. లాగాను. కార్డులు పడిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. జీతం పెరగలేదు, హోదా మారలేదు, కాగితం మీద ఎక్కడా లేదు. మర్నాటి నుంచి మాత్రం కొత్తగా చేరిన కుర్రాడి కార్డులు నేను చూడాలి.

ఈ విద్యకు వంశవృక్షం గీయడం నాకు సరదా. రంగనాథన్ గారు గణితం చెప్పే అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయన్ను గ్రంథపాలకుడిగా వేసి, పని నేర్చుకురమ్మని లండన్ పంపింది. అక్కడ క్రాయ్‌డన్ గ్రంథాలయం పెద్ద అయిన బెర్విక్ సేయర్స్ ఆయన్ను చేరదీశాడు. పాఠం చెప్పి ఊరుకోక, ఏ లైబ్రరీలో ఏముందో తిరిగి చూడమని తరిమాడు. రంగనాథన్ తిరిగొచ్చి 1929లో మద్రాసులో బడి పెట్టారు. ఇంకో కొమ్మ అమెరికాది. మెల్విల్ డ్యూయీ 1887లో న్యూయార్క్ కొలంబియాలో మొదటి గ్రంథాలయ బడి తెరిచాడు. ఆడపిల్లల్ని చేర్చుకున్నందుకు పైవాళ్లకు కంటగింపై, రెండేళ్లకు బడిని ఆల్బనీకి ఎత్తుకుపోయాడు. అందుకు మెచ్చుకుందామంటే, ఆడవాళ్లతో ఆయన ప్రవర్తన, ఇతర జాతుల మీద ఆయన చిన్నచూపు అడ్డొస్తాయి. 2019లో అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన పతకానికి ఆయన పేరు తీసేసింది. మంచి పని చేసింది. ఆ బడిలో పాఠాలు చెప్పిన బోర్డెన్‌నే 1910లో బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ మన దేశానికి రప్పించుకున్నారు. నాలుగేళ్లకు, 1914లో, అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. మన పెద్దలకు ఎవరూ బడి పెట్టలేదు. చందాలు పోగుచేస్తూ, ఊళ్లు తిరుగుతూ, ఒకరి చేతిలో చూసి ఒకరు నేర్చుకున్నారు.

ఆల్బనీ అన్నాను కదా. హడ్సన్ నదికి ఈ పక్క ఆల్బనీ అయితే ఆ పక్క, కాస్త ఎగువన, ఒక ట్రాయ్ ఉంది. మిషిగన్‌లో మేముండే ట్రాయ్ వేరు. తొలి రోజుల్లో న్యూయార్క్ రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ చాలామంది. పాత ఊరి పేరు చంకలో పెట్టుకుని వచ్చినట్టున్నారు. ఆ ట్రాయ్‌లో 1897 నాటి పాలరాతి లైబ్రరీ భవనం హార్ట్ అనే ఆయన పేరు మీద ఆయన భార్య కట్టించింది. ఈ ట్రాయ్‌లో ఒకప్పటి పిల్లల లైబ్రేరియన్ పేరు కూడా హార్టే, మార్గరీట్ హార్ట్. ఒకరికొకరు ఏమీ కారు. నాకే ఇలాంటివి పట్టుకుని వేలాడే అలవాటు.

ఈ హార్ట్ గారి సంగతి ఊళ్లో అందరికీ తెలుసు. 1971లో బిగ్ బీవర్ రోడ్డు మీద లైబ్రరీ తెరుస్తుంటే, ఆవిడ దేశదేశాల ప్రముఖులకు ఉత్తరాలు రాసింది. మా ఊరి పిల్లలకు లైబ్రరీ గురించి నాలుగు ముక్కలు రాయండి అని. 97 జవాబులొచ్చాయి. చంద్రుడి మీద దిగి రెండేళ్లు కాని నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ రాశాడు. డాక్టర్ స్యూస్ రాశాడు. సాలెపురుగు కథ రాసిన ఈ.బీ. వైట్ రాశాడు. ఇది పుస్తకాలున్న ఇల్లు మాత్రమే కాదు, ఎక్కడికైనా తీసుకుపోయే అంతరిక్ష నౌక అన్నట్టు ఐజాక్ అసిమోవ్ రాశాడు. ఒక పిల్లల లైబ్రేరియన్, టైపు మిషను, తపాలా బిళ్లలు. పైవాళ్ల అనుమతి కోసం ఎన్నాళ్లు తిరిగి ఉంటుందో అన్నది నా మనసులో మెదిలిన మొదటి ప్రశ్న. ఇన్నేళ్ల సర్కారీ బుద్ధి ఎక్కడికి పోతుంది!

నేను రిటైరై 2010లో ఇక్కడికొచ్చేసరికి ఆ లైబ్రరీ మూతపడేలా ఉంది. ఇళ్ల ధరలు పడి, పన్నుల రాబడి పడి, ఊరి ఖజానా ఎండింది. మన దగ్గర ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కలిసే వస్తుంది. ఎవరూ చూడరు, ఎవరూ అడగరు. పంచాయతీలూ మున్సిపాలిటీలూ వసూలు చేసి కట్టకుండా కూర్చున్నా అడగరనుకోండి. ఇక్కడ మాత్రం అడిగి, ఓటు వేయించుకోవాలి. అంతకుముందు అడిగితే జనం కాదన్నారు. 2011 ఆగస్టు 2న మళ్లీ ఓటు. ఆ వేసవిలో వీధుల్లో బోర్డులు వెలిశాయి: లైబ్రరీ మూసెయ్యమని ఓటేయండి, ఆగస్టు 5న పుస్తకాలు తగలబెట్టే పండగ చేసుకుందాం! అవి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఊరంతా భగ్గుమంది. చివరికి తేలిందేమంటే, అది లైబ్రరీని నిలబెట్టాలనుకున్నవాళ్లు ఒక ప్రకటనల సంస్థతో కలిసి వేసిన ఎత్తు. పన్ను మాట వదిలి జనం పుస్తకాల మాట మాట్లాడాలని. ఓటు నెగ్గింది. నాకు ఓటు హక్కు లేదు, సంతోషించే హక్కు ఉంది కదా, ఆ రోజు సేమ్యా పాయసం చేశాను.

ఆ తర్వాతే, పాత పుస్తకాలు అమ్మి లైబ్రరీకి డబ్బు కూర్చే స్వచ్ఛంద పనిలో చేరాను. జనం ఇచ్చిన పెట్టెలు విప్పి వేరుచెయ్యడం. అక్కడ పరిచయమైంది ఒక పెద్దావిడ. డిట్రాయిట్ అవతల ఏదో చిన్న ఊరి లైబ్రరీలో పదహారో ఏట పుస్తకాలు సర్దే పిల్లగా చేరి, నలభై ఏళ్లకు పైగా కార్డులు రాసి రిటైరైన మనిషి. నా పేరులో మొదటి రెండక్షరాలే పలికేది. నేను మేడమ్ అంటే ఒప్పుకునేది కాదు. నాకు పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, ఏ పిలుపూ లేకుండా సంవత్సరాలు గడిపాను. ఫ్రిజ్ మీది సొరుగు ఆవిడదే. వాళ్ల లైబ్రరీ కార్డుల బీరువాను వేలం వేస్తే, కొన్నవాళ్లు సొరుగుల్లో సారా సీసాలు పెట్టుకున్నారట. ఒక్క సొరుగు మాత్రం ఈవిడ చంకన పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

“కంప్యూటర్ చెడ్డదేం కాదు,” అనేది. ఆ మాట నిజమే. హార్ట్ గారు ఉత్తరాలు రాసిన 1971లోనే ఒహాయోలో ఓసీఎల్‌సీ సంస్థ కంప్యూటర్‌తో లైబ్రరీలను కలిపి, కార్డులు అచ్చువేసి పంపడం మొదలుపెట్టింది. 2015 అక్టోబర్ 1న ఆఖరి కార్డు అచ్చువేసి ఆపేసింది. అప్పటికి మొత్తం 190 కోట్ల కార్డులట. ఆ వార్త వచ్చిన వారం పెద్దావిడ పనికి రాలేదు. జలుబు అంది.

ఆ మరుసటేడు అనుకుంటా, ఒక తెలుగాయన పోతే వాళ్ల పిల్లలు ఆయన పుస్తకాల పెట్టె తెచ్చి దింపారు. అరవై రెండు తెలుగు పుస్తకాలు. ‘చివరకు మిగిలేది’, ‘చదువు’, ‘మైదానం’, అట్టలూడిన ‘బుడుగు’. అమ్మడానికి ధర వెయ్యాలన్నా పేరు చదివే దిక్కు నేనొక్కదాన్నే. పెద్దావిడ తన సొరుగు తెచ్చి, ఖాళీ కార్డుల కట్ట ముందు పెట్టి, “రాయి” అంది. ఎందుకూ పనికిరాని పని. పెట్టెలో ఉన్నవి ఉన్నట్టే అమ్ముడుపోతాయి, కార్డులు ఎవరు చూస్తారు? అయినా రెండు వారాలు కూర్చుని రాశాను. తెలుగులో, మాస్టారి దస్తూరీలో. పీ.ఎల్. 480 అనే అమెరికా చట్టం రోజుల్లో, మనం కొనుక్కున్న గోధుమల రూపాయలతో అమెరికా విశ్వవిద్యాలయాలు 1962 నుంచి మన పుస్తకాలు తెప్పించుకునేవి. వాటి కార్డుల మీద తెలుగు పేర్లను కింద చుక్కలు, పైన గీతలు పెట్టిన ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్లట. తెలుగు అక్షరాలున్న కార్డు పెద్దావిడ ఎన్నడూ చూడలేదు.

కార్డులు ఊచ మీద దింపి సొరుగు ఆవిడ ముందు పెట్టాను. ఒక్క అక్షరం రాదు ఆవిడకు. ఏం చూస్తుందిలే అనుకున్నాను. ఒక్కొక్కటే తీసి, ముందువైపు చూడకుండా వెనక్కి తిప్పింది. వెనకవైపు ట్రేసింగ్ ఉంటుంది. ఆ పుస్తకానికి ఇంకా ఏయే పేర్లతో కార్డులు రాశామో ఆ జాబితా. రేపు పుస్తకం పోతే దాని కార్డులన్నీ ఎక్కడెక్కడున్నాయో వెతికి తీసెయ్యడానికి. ‘పుస్తకం పోయిన రోజున కార్డులన్నీ పిలిస్తే రావాలి’ అనేవారు మాస్టారు. ముప్ఫయ్యో నలభయ్యో తిప్పాక ఒకచోట ఆగి, ఆ కార్డు పైకి తీసి, అడ్డంగా తిప్పి పెట్టింది.

నా ఒళ్లు ఝల్లుమంది. ఆ కార్డు బుచ్చిబాబుది. శివరాజు వెంకట సుబ్బారావు అని ఇంకో కార్డు రాసి, వెనక ట్రేసింగ్ రాయడం మరిచిపోయాను. బెజవాడ పేరైనా వినని మనిషి, చదవరాని లిపిలో, నా తప్పు పట్టుకుంది. అదీ మాస్టారిలాగే, మాట లేకుండా.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు పెద్దల్ని జత చేయడానికి ఏర్పాట్లున్నాయి. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2007 నుంచి ‘ఎమర్జింగ్ లీడర్స్’ అని ఏటా కొందరు కొత్తవాళ్లను ఎంచి, జట్లు కట్టించి, అనుభవజ్ఞుల్ని తోడిస్తోంది. డిట్రాయిట్ వేన్ స్టేట్‌లో లైబ్రరీ చదువు చదివి, పక్క ఊళ్లో పనిచేస్తున్న ఒక తెలుగమ్మాయి నాకు ఇవన్నీ చెబుతుంది. ఇక్కడే పుట్టింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. ఆ అమ్మాయి గురువుగారు ఎక్కడో రెండు వేల మైళ్ల దూరంలో. నెలకోసారి తెర మీద కనబడతారు. బడ్జెట్ ఎలా అడగాలి, బోర్డు ముందు ఎలా నిలబడాలి, ఇవన్నీ నేర్పుతారట. మాకెవరూ నేర్పలేదు ఇవి. నేర్పి ఉంటే మా గ్రంథాలయాల కప్పులు కారేవి కావేమో. తక్కువ చేసి మాట్లాడను. ఒక్కటే తేడా. తెర ముందు కూర్చున్నప్పుడు మన కష్టాల్లో ఏది చూపించాలో మనమే ఎంచుకుంటాం. మనకు తెలియని తప్పు మనం చూపించలేం. ఊచ మీద కార్డులు ఆ ఎంపిక ఇవ్వవు. రోజంతా చేసిందంతా లేచి నిలబడి ఉంటుంది.

పెద్దావిడ మోకాళ్లు మొరాయించి, మూడేళ్ల క్రితం కొడుకు దగ్గరికి అరిజోనా వెళ్లిపోయింది. వెళుతూ సొరుగు నాకిచ్చింది. పుస్తకాలు ఎప్పుడో అమ్ముడుపోయాయి, కార్డులు మాత్రం అందులోనే ఉన్నాయి. తర్వాత మా అమ్మాయి ఇంట్లో ఉన్న తెలుగు పుస్తకాలకు కూడా తోచినప్పుడల్లా రాసి దింపుతున్నాను. చూసేవాళ్లు లేరు గనక అవన్నీ ఊచ మీదే ఉన్నాయి. లేచి ఉన్న కార్డులతో సొరుగు ఏ అరలోనూ పట్టదు. అందుకే ఫ్రిజ్ మీద.

పోయిన ఆదివారం ఆ లైబ్రరీ అమ్మాయి భోజనానికొచ్చింది. గోంగూర పప్పు రెండోసారి వేయించుకుంది. చేతులు కడుక్కుని, “ఏంటాంటీ అది, కార్డ్ కేటలాగా? ఫోటోల్లోనే చూశాను” అంటూ సొరుగు దించింది. ఊచ సంగతి చెప్పాను, పెద్దావిడ సంగతి చెప్పాను. వింటూ వేళ్లతో కార్డులు తిరగేస్తోంది. ముందున్న తెలుగు అక్షరాల మీద ఒక క్షణం ఆగి నవ్వి, లేచి ఉన్న కార్డొకటి పైకి తీసింది. తీసి, వెనక్కి తిప్పింది.